ఎవురు చెప్పినారు?

శ్రీకాళహస్తి గుడి ముందు నిలబడి తీసిన ఫొటో ఒకటి ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపిస్తుంది. గూగుల్‌లోంచి దించింది కాదు, వాళ్ళే ఫోన్‌తో తీసింది. కింద క్యాప్షన్: 'శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం'. ఫొటో నిజం. కృష్ణదేవరాయలు గోపురం కట్టించిన మాటా నిజమే. ఫొటోలో ఉన్నది మాత్రం ఆ గోపురం కాదు. అది 2010 మే 26 రాత్రి కూలిపోయింది. ముందే పగుళ్ళు కనబడి జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి మనుషుల ప్రాణాలు దక్కాయి. ఇప్పుడున్నది అదే చోట మళ్ళీ కట్టి 2017లో కుంభాభిషేకం చేసిన గోపురం. ఇవాళ డిగ్రీ చదివే పిల్లలకి అది కూలిన రోజున నాలుగైదేళ్ళు. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే ఆ రాత్రి తామెక్కడున్నదీ చెప్తారు. పిల్లల లెక్కలో గోపురం ఎప్పుడూ అక్కడే ఉంది.

సోర్స్‌లను ఎలా వెతకాలి, ఎలా తూచాలి అన్న పాఠం చెప్పేటప్పుడు నాకు ఈ ఫొటో బాగా పనికొస్తుంది. మన తర్కశాస్త్రం ప్రమాణాల వరుసలో ప్రత్యక్షానికి మొదటి పీట వేసింది. కళ్ళతో చూశాను అన్నాక ఇంకేం కావాలి? కానీ కన్ను చూసింది ఒక కట్టడాన్ని. 1516 అన్న అంకెని అది చూడలేదు, ఆ అంకె ఎక్కడో చదివినది. చదివినదాన్ని తెచ్చి చూసినదానికి అంటించాక మధ్యలో అతుకు కనబడదు. పిల్లల రిపోర్టుల్లో నేను చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటి అతుకులే. కావాలని ఆడిన అబద్ధాలు చాలా తక్కువ.

ఆ 1516ని కూడా కొంచెం కదిపి చూడొచ్చు. నూరుకాళ్ళ మండపం, గోపురం కట్టించిన శాసనం చెప్పేది శకవర్షం 1438. శకవర్షం ఉగాదికి మొదలై మళ్ళీ ఉగాదికి ముగుస్తుంది. అంటే మన లెక్కలో కొంత 1516లోనూ కొంత 1517లోనూ పడుతుంది. ఒక పుస్తకంలో 1516 అనీ, ఇంకోదాంట్లో 1516–17 అనీ కనబడితే ఇద్దరిలో ఒకరు తప్పు రాశారని పిల్లలు అనుకుంటారు. పాత గోపురం ఎత్తు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఒకచోట 120 అడుగులు, ఇంకోచోట 135, మరోచోట 136. నేలనుంచి కొలిచారా పీఠంనుంచా, కలశాలతోనా లేకుండానా అన్నది నేను చూసినవాటిలో ఎవరూ రాయలేదు. ఎత్తు ఎంతైతే ఏం అనొచ్చు మీరు. నిజమే, ఏమీ కాదు. కానీ ఎవరో ఒకరు ఎక్కడో కొలిచి ఉండాలి కదా, ఆ మనిషి ఈ కథలోంచి ఎప్పుడో మాయమైపోయాడు. నా పాఠం అంతా ఆ మాయమైన మనిషి గురించే.

ఇక్కడ 'పరిశోధన' అంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకి మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, తర్వాత ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి అయ్యాయి. ఊళ్ళోకి వెళ్ళి, మనుషులతో మాట్లాడి, రిపోర్టు రాయాలి. ఆలోచన మంచిదే. ఆచరణలో చాలాసార్లు అది స్పైరల్ బైండింగ్ వేసిన ముప్పై పేజీలు, చివర్లో ఒక పేజీ 'రిఫరెన్సెస్'. ఆ చివరి పేజీ ఎందుకుందో అడిగితే తరగతి మొత్తం ఒకటే మాట అంటుంది: "మార్కులకి మేడమ్." ఒకసారి ఒకడు మాత్రం, "మనం కాపీ కొట్టలేదని చూపించడానికి" అన్నాడు. కాసేపు ఆగి, "లేకపోతే ఎక్కడ కాపీ కొట్టామో చూపించడానికి" అని తనే దిద్దుకున్నాడు. నాకు రెండో జవాబు బాగా నచ్చింది. అందులో ఒక నిజాయితీ ఉంది.

లైబ్రరీ సైన్స్ వాళ్ళు సోర్స్‌ని తూచడానికి మంచి పట్టికలు తయారుచేశారు. రచయిత ఎవరు, ఎప్పుడు రాశాడు, ఎవరు వేశారు, ఎందుకు రాశాడు. నేనూ అవే చెప్తాను. అయితే శ్రీకాళహస్తిలో కూర్చుని ఆ పట్టిక పట్టుకుంటే రెండో రోజుకే అది చాలదని తెలిసిపోతుంది. అచ్యుతదేవరాయల సంగతి చూడండి. 1529లో కృష్ణదేవరాయలు పోయాక తమ్ముడు అచ్యుతరాయలు గద్దెనెక్కాడు. పట్టాభిషేకం ఎక్కడ జరిగింది? శ్రీకాళహస్తి శాసనం ఇక్కడే, ఈ గుడిలోనే జరిగిందంటుంది. ఆయన ఆస్థానంలో రాజనాథ డిండిముడు రాసిన 'అచ్యుతరాయాభ్యుదయం' అన్న సంస్కృత కావ్యం తిరుపతిలో జరిగిందంటుంది. ఆ తర్వాత విజయనగరంలో జరిగిందీ ఉంది. శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి బస్సులో గంట ప్రయాణం. రాయి అబద్ధమాడదు కాబట్టి శాసనమే కరెక్టని సగం తరగతి, కవి కళ్ళతో చూసి ఉంటాడు కాబట్టి కావ్యమే కరెక్టని మిగతా సగం. పట్టిక ప్రకారం చూస్తే రెండూ పాసే. ఇద్దరూ సమకాలికులే, ఇద్దరికీ అధికారం ఉంది, ఇద్దరికీ ఆ రాజు కావాలి.

చరిత్రకారులు చాలామంది దీన్ని రెండు మూడు చోట్లా జరిగిందని సర్దుకున్నారు. సర్దుబాటు కన్నా నాకు ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఇష్టం. ఒక రాజు ఒకటికి మించి చోట్ల పట్టం కట్టించుకున్నాడంటే, ఒక్కసారి కట్టుకున్నది చాలదని అనుమానపడ్డాడన్నమాట. అన్న కొడుకు పసివాడున్నాడు, వాడి పేరు మీద అళియ రామరాయలు కాచుకుని ఉన్నాడు. ఒక దేవుడి సాక్ష్యం సరిపోదు, శివుడూ కావాలి విష్ణువూ కావాలి. సోర్స్‌లు రెండూ ఒకటే మాట చెప్పి ఉంటే ఈ భయం మనకి తెలిసేది కాదు. విద్యార్థి రిపోర్టులో 'భిన్నాభిప్రాయాలు కలవు' అని ఒక వాక్యం పడేసి ముందుకు పోతాడే, సరిగ్గా ఆ వాక్యం దగ్గరే తవ్వకం మొదలుపెట్టాలి.

వెతకడం గురించి రెండు మాటలు. మా పిల్లలు ఫోన్‌లో 'శ్రీకాళహస్తి హిస్టరీ' అని కొడతారు. అది ఇవాళ్టి పేరుతో నిన్నటి ఊరుని పిలవడం. 2022 ఏప్రిల్ దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. 1911కి ముందు చిత్తూరు జిల్లానే లేదు, ఇదంతా ఉత్తర ఆర్కాటు. కాక్స్ దొర 1881లో వేసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్‌లో ఈ ఊరుంటుంది. 'చిత్తూరు' అని వెతికే కుర్రాడికి ఆ పుస్తకం తగలదు. పాత ఇంగ్లీషు కాగితాల్లో కాళహస్తి స్పెల్లింగు 'కె'తో కాకుండా 'సి'తో మొదలవుతుంది. తమిళంలో తిరుక్కాళత్తి. తేవారం పాడిన నాయనార్లు పాడింది తిరుక్కాళత్తి మీద, గుడి గోడల మీది చోళుల శాసనాలూ తమిళమే. ఈ ఊళ్ళో తమిళం వచ్చిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మనవలు మాత్రం తెలుగు వికీపీడియాకీ ఇంగ్లీషు వికీపీడియాకీ మధ్యనే తిరుగుతుంటారు. కన్నప్పంటే 2025లో వచ్చిన సినిమా, మహా అయితే 1976 నాటి బాపు సినిమా. ధూర్జటి తిన్నడు వేరు, పాల్కురికి సోమన కన్నప్ప వేరు, శేక్కిళార్ పెరియపురాణంలో కన్నప్ప వేరు అని చెప్తే, "వీటిలో ఒరిజినల్ ఏది మేడమ్?" అంటారు. 'ఏం జరిగింది' అన్న ప్రశ్నకి వాటిలో ఏదీ సోర్స్ కాదు, 'జనం ఎలా చెప్పుకున్నారు' అన్న ప్రశ్నకి అన్నీ సోర్స్‌లే, సినిమా కూడా. ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండా సోర్స్ మంచిదా చెడ్డదా అని అడగడం, పెళ్ళికొడుకు ఎవరో తెలియకుండా జాతకం కలపడమే.

అమెరికాలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం రాశారు. పదిమంది చరిత్ర పరిశోధకులు, పదిమంది ఫ్యాక్ట్‌చెకర్లు, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. తెలియని వెబ్‌సైట్లు ఇచ్చి ఏది నమ్మొచ్చో చెప్పమన్నారు. చరిత్రకారులు సైతం చాలామంది ఆ పేజీలోనే కూర్చుని, లోగో చూసి, భాష చూసి, మోసపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు పేజీని సరిగా చదవను కూడా లేదు. వెంటనే బయటికొచ్చి, వేరే ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారో చూశారు. గొప్ప చిట్కా, నేను ప్రతి ఏడూ నేర్పుతాను. తెలుగులో మాత్రం దానికి ఒక చిక్కుంది. పది ట్యాబులు తెరిస్తే పదింట్లోనూ అదే పేరా ఉంటుంది. ఒక ట్రావెల్ సైట్, ఒక భక్తి బ్లాగు, ఒక పోటీ పరీక్షల నోట్సు, ఒక యూట్యూబ్ వీడియో కింద వివరణ, అన్నిట్లో అదే వాక్యం, అదే అచ్చుతప్పుతో. పదిమంది సాక్షులు అనుకున్నది ఒకే మనిషి పది చొక్కాలు మార్చుకుని రావడం. ఈ అచ్చుతప్పుల దగ్గర మాత్రం మన పాత పండితులు పనికొస్తారు. తాళపత్ర ప్రతుల్ని పోల్చి పరిష్కరించేవాళ్ళకి తెలిసిన సూత్రం ఒకటుంది: రెండు ప్రతుల్లో ఒకే తప్పు ఉంటే, రెండూ ఒకే తల్లి ప్రతికి పుట్టినవి. వెబ్ పేజీలకీ అదే లెక్క.

కలంకారీ మీద ఏం వెతికినా తగిలే 'మూడు వేల సంవత్సరాల ప్రాచీన కళ' అన్న వాక్యానికి కూడా ఒక తల్లి ప్రతి ఉండే ఉంటుంది. వెనక్కి నడిస్తే చాలాచోట్ల మొహెంజొదారో దగ్గర ఆగుతాం. అక్కడి తవ్వకాల్లో మంజిష్ఠతో రంగు వేసిన నూలుబట్ట ముక్క దొరికింది, అది నిజం. ఆ రంగు నూలుకి పట్టాలంటే పటికలాంటిదేదో వాడి ఉండాలి, ఇది సబబైన ఊహ. కలంకారీలోనూ పటిక వాడతారు, ఇదీ నిజం. ఈ మూడింటినీ కలిపి కుట్టేస్తే సింధు నాగరికతలో కలంకారీ పుట్టేస్తుంది. (అలాగైతే నాలుగు వేల ఏళ్ళు దాటాలి. మూడు వేలు ఎక్కడిదో మరి.) 'కలంకారీ' పారసీక మాట. శ్రీకాళహస్తి పాతవాళ్ళు దీన్ని వ్రాతపని అనేవారు. పైగా ఇరవయ్యో శతాబ్దం నడుమకి వచ్చేసరికి ఇక్కడ ఆ పని దాదాపు ఆరిపోయే స్థితికొచ్చింది. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టారు. 'అవిచ్ఛిన్నంగా మూడు వేల ఏళ్ళు' అన్న వాక్యం, చూడటానికి పొగడ్తలా ఉన్నా, ఆ ఆరిపోబోయిన రోజుల్నీ దాన్ని మళ్ళీ ఊది రగిలించినవాళ్ళనీ లేకుండా చేస్తుంది.

మరి ప్రతి వాక్యానికీ ఇంత దూరం నడవాలా? ఇంగ్లండులో క్లిఫర్డ్ అనే గణితవేత్త 1877లో నడవాలనే అన్నాడు. తన ఓడ పాతదైపోయిందని తెలిసీ, ఏమీ కాదులే అని మనసుకి నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపిన యజమాని కథ చెప్పి, చాలినంత ఆధారం లేకుండా దేన్ని నమ్మినా అది నైతికంగా తప్పే అన్నాడు. వినడానికి బాగుంటుంది. శ్రీకాళహస్తి శాసనం ప్రామాణికమా అని తేల్చుకోవాలంటే మా అమ్మాయి మైసూరులో పురావస్తు శాఖ శాసన విభాగం దాకా వెళ్ళి, సిరా అచ్చు చూసి, ఆ లిపి నేర్చుకుని చదవాలి. ఆ పిల్లకి తిరుపతి లైబ్రరీకి వెళ్ళడానికే ఇంట్లో రెండు రోజులు బతిమాలాలి. ఇంకొకరి మాట మీద ఆధారపడటం ఆమె బద్ధకం కాదు. మనలో ఎవరమైనా బతికేది అలాగే. మనం ఏ తేదీన పుట్టామో కూడా ఎవరో చెప్తేనే కదా తెలిసింది.

కాబట్టి క్లిఫర్డ్ అడిగినంత నేను అడగను. అంతకన్నా చిన్నది, కానీ తప్పించుకోవడానికి వీల్లేనిది ఒకటి అడుగుతాను. నువ్వు ఎంతవరకు నడిచావో అంతవరకే చెప్పు. శాసనం గురించి ఫలానా పుస్తకంలో చదివితే ఆ పుస్తకం పేరు రాయి, శాసనం నంబరు రాయకు. పుస్తకం గురించి వికీపీడియాలో చదివితే వికీపీడియా అనే రాయి, సిగ్గుపడకు. పిల్లలు దీనికి ఒప్పుకోరు. వికీపీడియా అని రాస్తే మార్కులు పోతాయి, దాని అడుగున ఉన్న పుస్తకం పేరు ఎత్తి రాస్తే మార్కులు వస్తాయి. అంటే చూసిందే చెప్పినవాడికి శిక్ష, చూడనిది చూశానన్నవాడికి బహుమతి. నాకు తెలిసి కాపీ కొట్టడం కన్నా ఇది పెద్ద తప్పు. కాపీ కొట్టినవాడు ఒకరి మాటని దొంగిలిస్తాడు. వీడు తను లేని చోట ఉన్నానని సాక్ష్యం చెప్తున్నాడు. కోర్టులో అయితే దానికో పేరుంది.

మన వ్యవస్థ మొదటిదాన్నే కొలుస్తుంది, అది కూడా శాతాల్లో. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు, పది నుంచి నలభై ఒక మెట్టు, నలభై నుంచి అరవై ఇంకో మెట్టు, అరవై దాటితే మరొకటి. సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది పోలికే. 'కలంకారీ ఐదువేల ఏళ్ళ కిందట పుట్టింది' అని సొంత మాటల్లో రాసిన పచ్చి కల్పన సున్నా శాతంతో పాసవుతుంది. సొంతంగా చెప్పిన అబద్ధం ఎంత స్వచ్ఛమైనదో! జర్నళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. యూజీసీ ఆమోదించిన జాబితా లోంచే 2018 మేలో ఒక్కసారిగా 4,305 జర్నళ్ళని తీసేయాల్సి వచ్చింది. తర్వాత కేర్ జాబితా అన్నారు, 2025లో దాన్నీ ఆపేశారు. జాబితాలో ఉంది కాబట్టి నమ్మాను అనే మాటకి ఇప్పుడు జాబితా కూడా లేదు.

ఇక ఛాట్‌జీపీటీ. నిరుడు ఒక రిపోర్టులో ఎనిమిది రిఫరెన్సులుంటే వాటిలో ఐదు ఈ లోకంలో లేవు. రచయితల పేర్లు తెలుగువాళ్ళవే, ప్రచురణ తిరుపతే, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా ఉన్నాయి. అంత చక్కటి పుస్తకాలు ఎవరైనా నిజంగా రాస్తే బాగుండు అనిపించింది. ఇది మన పిల్లలకే అంటిన జబ్బు కాదు. న్యూయార్క్‌లో 2023లో ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు లేని తీర్పుల్ని ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. యంత్రం అబద్ధం చెప్పిందంటారు గానీ నాకు ఆ మాట కుదరదు. న్యాయసూత్రాలు శబ్దప్రమాణాన్ని ఆప్తుడి మాట అని నిర్వచించాయి. ఆప్తుడెవరు? భాష్యం రాసిన వాత్స్యాయనుడు చెప్పినదాని సారం ఇది: విషయాన్ని నేరుగా ఎరిగినవాడు, తను ఎరిగింది ఎరిగినట్టు ఎదుటివాళ్ళకి తెలియజెయ్యాలన్న కోరికతో మాట్లాడేవాడు. యంత్రానికి మొదటిదీ లేదు, రెండోదీ లేదు. అబద్ధమాడాలన్నా నిజమంటే లెక్క ఉండాలి. దానికి వాక్యం సాఫీగా ఉంటే చాలు.

అదే భాష్యంలో ఇంకో మాట ఉంది, నేను తరగతిలో రెండుసార్లు చెప్పే మాట. ఈ నిర్వచనం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమే అంటాడు వాత్స్యాయనుడు. ఎప్పుడో పదిహేను వందల ఏళ్ళ కిందట, అంత నిక్కచ్చిగా మెట్లు కట్టుకున్న సమాజంలో కూర్చుని, ఆప్తుడు కావడానికి పుట్టుక అక్కర్లేదు, తెలిసి ఉండటం చాలు అన్నాడు. ఆచరణలో అది ఎంత నడిచిందో మనకి తెలుసు. ఈ ఊరి కథలోనే, లింగం మీద మాంసం కనబడగానే ఎవడో పాపాత్ముడు చేసిన పని అని పూజారి తేల్చేసుకున్నాడు. చాటున నిలబడి చూడమని చెప్పడానికి దేవుడే కలలోకి రావాల్సొచ్చింది.

అయితే వాత్స్యాయనుడి మాటని అమ్మమ్మ చెప్పేదంతా నిజం అని అర్థం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. మౌఖిక చరిత్ర మీద మన సాహిత్య మిత్రులకున్న ప్రేమ ఒక్కోసారి అక్కడికే చేరుతుంది. తెలిసి ఉండటం అనేది మనిషి మొత్తానికి ఇచ్చే సర్టిఫికెట్ కాదు, ఒక్కో విషయానికీ విడివిడిగా తేలాలి. గుడి గైడుకి ఏ రోజు రద్దీ ఎక్కువో నేరుగా తెలుసు. గుడి ఎవరు కట్టించారో తెలిసింది మాత్రం మనకి తెలిసిన దారిలోనే, ఈమధ్య అయితే అదే యూట్యూబ్‌లో.

ఇదంతా గాల్లో మాటలు కాకుండా పోయింది ఒక అమ్మాయి వల్ల. కలంకారీ మీద రిపోర్టు రాసింది. నాలుగు వెబ్‌సైట్లు, ఒక పీడీఎఫ్. మూడు వేల ఏళ్ళు, పదిహేడు దశలు, సహజ రంగులు, అన్నీ ఉన్నాయి. వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కలంకారీ పనే చేస్తుందని మాటల్లో బయటపడింది. ఈ పిల్ల కూడా బట్ట కరక్కాయ పాలలో నానబెడుతూ పెరిగిందే. "మరి మీ అమ్మ చెప్పింది ఒక్క ముక్కా లేదేం?" అన్నాను. "అది ఎక్కడా లేదు మేడమ్," అంది. నెట్‌లో లేదని. పటిక రాశాక బట్టని పారే నీళ్ళలోనే ఎందుకు ఉతకాలో, స్వర్ణముఖి ఎండిపోయిన నెలల్లో బోరు నీళ్ళతో ఉతికితే ఎరుపు ఎలా మందగిస్తుందో వాళ్ళమ్మ చెప్తుందట. నాలుగు వెబ్‌సైట్లలోనూ ఆ సంగతి లేదు. నీళ్ళు మారితే రంగు మారుతుందన్నది నిజమైతే ఆ రిపోర్టులో అదొక్కటే కొత్త విషయం.

సరే, రాయమన్నాను. అప్పుడడిగింది: "మా అమ్మని రిఫరెన్స్‌లో ఎట్ల రాయాలి మేడమ్?"

పద్ధతుల పుస్తకాలు తీశాం. ఏపీఏ పద్ధతిలో ఇలాంటిది వ్యక్తిగత సంభాషణ కిందికొస్తుంది. వాక్యం పక్కన బ్రాకెట్లో చెప్పొచ్చు గానీ చివరి జాబితాలోకి రాదు. ఎందుకంటే చదివినవాళ్ళు వెళ్ళి సరిచూసుకోలేరు. ఎంఎల్ఏ పద్ధతి (ఈ పేరు విన్నప్పుడల్లా తరగతి నవ్వుతుంది) ఇంటర్వ్యూలని జాబితాలో చేర్చుకుంటుంది. సరిచూసుకోలేరన్న కారణం తీసిపారేయాల్సింది కాదు. కానీ ఆ నాలుగు వెబ్‌సైట్లలో ఒకటి మేం చూసేసరికే తెరుచుకోవడం లేదు. వాళ్ళమ్మ మాత్రం ఇంట్లోనే ఉంది, వెళ్ళి అడగొచ్చు.

అడిగాం కూడా. ఒక ఆదివారం ఆ పిల్లతో పాటు వెళ్ళాను. రిపోర్టు చదివి వినిపించమంది ఆవిడ. 'మూడు వేల సంవత్సరాల' దగ్గర చేతిలో కలం ఆపింది. "మూడు వేల సమచ్చరాలా? ఎవురు చెప్పినారు నీకు?" కూతురు సైటు పేరు చెప్పింది. "వాళ్ళకి ఎవురు చెప్పినారో? నాకు మా అత్త చెప్పింది, ఆయమ్మ ఆడ ట్రైనింగు సెంటర్లో నేర్చుకున్నింది. దానికి ముందర సంగతి నాకు తెల్దు." నేను తరగతిలో నెల రోజులు చెప్పింది ఆవిడ బట్ట మీంచి తల ఎత్తకుండా చెప్పేసింది. ఎంతవరకు నడిచిందో అంతవరకే.

నీళ్ళ సంగతి మాత్రం ఒక్కరి మాట మీద రాయకూడదనుకుని ఇంకో రెండిళ్ళలో అడిగించాను. ఒకరు అవునన్నారు. ఇంకొకరు నీళ్ళది కాదు, ఇప్పుడొచ్చే పటికలోనే తేడా అన్నారు. రెండూ రాయమన్నాను. కెమిస్ట్రీ లెక్చరర్‌ని అడిగితే రెండూ సాధ్యమే, పరీక్ష చేస్తే గానీ చెప్పలేం అన్నారు. అదీ రాయమన్నాను. రిపోర్టులో ఆ పేజీ చూడటానికి అంత అందంగా లేదు, మిగతా పేజీల్లా గడగడా సాగదు.

పేరు దగ్గర చిక్కొచ్చింది. పేరు రాయొద్దంది ఆవిడ. ఆర్డర్లిచ్చే వ్యాపారి చూస్తే పని గుట్టు బయట చెప్పావని అంటాడు, అది ఒక కారణం. "పేరెందుకు, ఎవురు చూస్తారు" అన్నది ఇంకోటి. ఆవిడ భద్రత కోసం పేరు తీసేయడం సరైనదే, పరిశోధనా నీతి కూడా అదే చెప్తుంది. కానీ ఈ బట్టల మీద ఇన్ని తరాలుగా పనిచేసినవాళ్ళలో పద్మశ్రీ దాకా వెళ్ళిన గురప్పశెట్టి లాంటి ఒకరిద్దరి పేర్లు తప్ప మిగతావి ఎక్కడా లేవు. ఇంకో పేరుని మనమే మళ్ళీ తుడిచేస్తున్నాం, మర్యాదగా, ఆవిడ అనుమతితో. వాళ్ళ కూతురికి ఇది నాకన్నా ఎక్కువ గుచ్చుకుంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆ పిల్లే రాసుకొచ్చింది. రిఫరెన్సుల జాబితాలో ఆరోది:

'మా అమ్మ. వ్రాతపని చేస్తారు, సుమారు 20 ఏళ్ళుగా, శ్రీకాళహస్తి. పేరు ఆమె కోరిక మేరకు రాయలేదు. నీళ్ళు, పటిక, ఎరుపు రంగు గురించి మాత్రమే.'

ఏ పద్ధతిలోనూ ఇమడని ఎంట్రీ అది. వైవాకి వచ్చినాయన దాని కింద ఎర్రగీత గీసి, ఇదేమిటమ్మా అని అడిగాడు. పది నిమిషాలు దాని మీదే నడిచింది: ఎవరినడిగావు, ఎన్నిళ్ళలో అడిగావు, పటిక ఎక్కడ కొంటారు, ఇంకొకరు కాదన్నారంటున్నావు, వాళ్ళ మాట ఎందుకు వదలలేదు. ఆ పిల్ల అన్నిటికీ జవాబు చెప్పింది, ఒక్కదానికి తెలియదని చెప్పింది. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న రిఫరెన్సుల గురించి ఆయన ఏమీ అడగలేదు.